చెవులొగ్గిన రాళ్లు

గవ్వలదిన్నె రాజ్యానికి ఉత్తరాన గోడలా నిటారైన కొండ ఒకటి ఉండేది. అది మనుషుల్ని ఎక్కనిచ్చేది, దిగనిచ్చేది కాదు. తేనెకు వెళ్లినవాళ్లు, మందుమొక్కలకు వెళ్లినవాళ్లు పైన రాళ్లై నిలిచిపోయేవారు. ఆ రాళ్లన్నీ తల పక్కకు వంచి, కింద ఊళ్ల వైపు చెవులొగ్గి ఉండేవి. ఆ కొండ మీద పక్షి కూసేది కాదు.

వజ్రకేతు మహారాజు నలభైమంది భటులను పిలిచి, “పొండి! ఆ కొండమీది భూతాన్ని నరికేయండి!” అన్నాడు. వాళ్లు పోయారు. కొండ మీద మరో నలభై రాళ్లు లేచాయి. అప్పుడు రాజు చాటింపు వేయించాడు. శాపం విప్పినవాళ్లు ఏది కోరితే అది ఇస్తానన్నాడు.

రాతిపని చేసే ఓబన్నకు నాంచారి అని పద్నాలుగేళ్ల కూతురు. ఆమె తల్లి ఈరమ్మ రెండేళ్ల కిందట ఆ కొండెక్కింది. ఆ పొద్దున పులుసులో ఉప్పు దగ్గర మొగుడూ పెళ్లాలకు మాటామాటా పెరిగింది. “తేనెకు పోతాండా,” అంది ఈరమ్మ. ఓబన్న తలెత్తలేదు. “పో,” అన్నాడు.

చాటింపు విన్న మర్నాడు, తెల్లవారగానే, నాంచారి సొరకాయ బుర్రలో మజ్జిగ పోసుకుని, తండ్రి ఉలీ సుత్తీ నడుముకు కట్టుకుంది.

“నాయనా, పోయొస్తా.”

ఓబన్న గడపలోకి వచ్చాడు. “పోయిరా పాపా. పొద్దుగూకేలోపల దిగు,” అన్నాడు.

నునుపు బండ మీద వేళ్లు పట్టేంత గాడి చెక్కుకుంటూ నాంచారి ఎక్కింది. సగం కొండలో ఏనుగు ఆకారంలో ఉన్న పెద్ద గుండు దారికి అడ్డంగా ఉంది. దాని తొండం కదిలింది.

“యాడికే పిల్లా?”

“బయల్దేరినోళ్లను యాడికని అడక్కూడదని నీకెవరూ చెప్పల్యా? ఇంటికే పోతాండా. దోవలో మా యమ్మను పిల్చకపోవాల.”

గుండు గరగరా నవ్వి, తొండం పక్కకు తీసింది.

ఆ పైన గొడుగులా విచ్చిన రాయి. “కూసో తల్లీ, ఎండకు మాడిపోతాండావు,” అంది తీయగా. దాని నీడలో ఒక రాతి భటుడు కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కత్తి, కత్తి మీద నాచు. నాంచారి ఎండలోనే నిలబడి మజ్జిగ తాగి, ముందుకు సాగింది.

కొండకొమ్మున రాళ్ల మధ్య నుంచి ఒక బూడిదరంగు భూతం లేచింది.

“నిన్ను పొమ్మన్నదెవరు?”

“పొమ్మన్లేదు. పోయిరా అన్న్యాడు మా నాయన.”

చాచిన చెయ్యి ఆగిపోయింది. “అయితే నిన్ను ముట్టలేను. ఎవరూ రమ్మనని మనిషే నాకు దక్కేది.”

నాంచారి తల్లిని గుర్తుపట్టింది. చంకలో తేనెకుండ కూడా రాయే. “మా యమ్మను విడువు.”

“నేను కట్టలేదు విప్పడానికి. ఇప్పుడు మీ అమ్మ పేరేమిటో చెప్పు, విప్పే మాట అందులోనే ఉంది.”

“ఈరమ్మ...”

“అది ఇంట్లో పేరు. ఇక్కడ దీన్నేమంటారు?”

“రాయి,” అంది నాంచారి. ఆ మాటను మళ్లీ మెల్లగా అనుకుంది. “రా... అమ్మా, రా!”

రాయి వణికింది. దుమ్ము రాలింది. కాలు మాత్రం కదలలేదు.

“మాట అదే,” అంది భూతం. “నోరు అది కాదు. పో అన్న నోరే రా అనాలి.”

పొద్దుగూకేలోపల నాంచారి దిగి తండ్రికి చెప్పింది.

“ఆ ఎక్కుడు నా వల్ల యాడైతాది పాపా?” అన్నాడు ఓబన్న.

“పో అనడం నీ వల్లయింది గదా!”

మర్నాడు పక్కింటి అవ్వ “పోయిరాండి” అంటే ఇద్దరూ బయల్దేరారు. ఓబన్న కూతురు చెక్కిన గాళ్లు పట్టుకుని ఎక్కాడు. గోళ్లు ఊడాయి. పెళ్లాం ముందు నిలబడ్డాడు. ఎండ పడమటికి వాలింది. చుట్టూ రాళ్లన్నీ వింటున్నాయి.

“ఈరీ, ఇంటికి రా,” అన్నాడు చివరికి.

రాయి పగిలింది. ఈరమ్మ బయటికి అడుగు వేసింది. “ఉప్పు సరిపోయిందా?” అంది.

నాంచారి రాజు దగ్గరకు వెళ్లింది. “మీరే కొండెక్కి మీ భటులను పిలవాల దొరా. అదే నా కోరిక.”

“నేనా? మంత్రిని పంపుతా.”

“పో అన్నది మంత్రి కాదు.”

ఒక్క భటుడి పేరూ రాజుకు తెలియదు. కొండ కింద వాళ్ల భార్యలు నలభై పేర్లూ చెప్పి, నేర్పి, అందరూ కలిసి “పోయిరాండి” అని సాగనంపారు. రాజు మోకాళ్లు చెక్కుకుపోతూ ఎక్కి, పేరుపేరునా రమ్మన్నాడు. నలభైమందీ దిగారు. దిగివచ్చిన రాజు ఎవరూ అడక్కుండానే కొండ చుట్టూ ఉన్న పన్నెండు ఊళ్ల ఏలుబడి నాంచారికి అప్పగించాడు. ఆ ఊళ్లలో ఎంత కోపమొచ్చినా ఎవరూ ఎవరినీ పొమ్మనరు.

తక్కినవాళ్లనూ పొమ్మన్నవాళ్లే కొండెక్కి పిలుచుకుపోయారు. కొన్ని రాళ్లు మాత్రం ఇంకా కొండ మీదే ఉన్నాయి. వాళ్లను పొమ్మన్నవాళ్లు ఏనాడో చనిపోయారు. ఆ సంగతి రాళ్లకు తెలియదు. చెవులొగ్గే ఉన్నాయి.

ఈరమ్మ మొగుడికి అన్నం పెడుతుంది, పలకరించదు. పొద్దున్నే అతను రాతిపనికి బయల్దేరినప్పుడు మాత్రం గడపలోకి వచ్చి, “పోయిరా,” అంటుంది. రోజు మొత్తానికీ ఆ ఒక్క మాటే. ఓబన్న ఏ రోజూ పొద్దుగూకనివ్వడు. ముందే ఇంటికి వచ్చేస్తాడు.