సంగమానికి అందని సగం

బడి పాయ నుంచి గైర్హాజరు, రవాణా పాయ నుంచి వేళకాని ప్రయాణాలు, ఠాణా పాయ నుంచి ఒక పాత తగాదా. అన్నీ కలిసినా ఆ కుర్రవాడి పేరు పసుపు రంగు దాటలేదు. సువర్చల ఆ దస్త్రాన్ని పక్కకు జరిపి తర్వాతిదాని మీద వేలు ఆనించింది. ఎదురుగా గాజుగోడ మీద కొత్తరేవు నగరమంతా సన్నని వెలుగు గీతలుగా పారుతోంది. ఏ కార్యాలయానికి పిల్లల గురించి ఏం తెలిసినా అది ఒక పాయగా వచ్చి సంగమంలో కలుస్తుంది. ఏ బిడ్డ వల్ల ప్రమాదం రావచ్చో సంగమం అనే యంత్రం తూకం వేస్తుంది. పసుపైతే కనిపెట్టి ఉండాలి. ఎరుపైతే పండినట్టు. పండిన దస్త్రం మీద సువర్చల వంటి నిర్ధారకురాలు బొటనవేలు నొక్కగానే రక్షాబండి కదులుతుంది. ఆ బిడ్డ మేజరయ్యేదాకా నివారణ గృహంలో ఉంటుంది.

ఈ గోడ ఊరికే రాలేదు. ఇంట్లోనే యంత్రం మీద అచ్చువేసే తుపాకులు బొమ్మలంత చవకగా తయారయ్యే రోజుల్లో, సువర్చల కొడుకు నిశాంత్‌ని బడి వరండాలో తోటి విద్యార్థే కాల్చేశాడు. ఆ కుర్రవాడు తుపాకి బొమ్మలు గీస్తున్నాడని బడికి తెలుసు. వాడు చచ్చిపోవాలని చూశాడని ఆసుపత్రికి తెలుసు. వాళ్ళింట్లో దొంగ అచ్చుయంత్రం ఉందని ఠాణాకి తెలుసు. ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పలేదు. కొడుకు ఫోటో పట్టుకుని సువర్చల కార్యాలయాల గుమ్మాలన్నీ ఎక్కి దిగింది. ‘‘మీలో మీరు మాట్లాడుకోండయ్యా’’ అని మంత్రుల ముందు చేతులు జోడించింది. చట్టం వచ్చింది. కాల్పులు తగ్గాయి. అది అబద్ధం కాదు. అందుకే ఇన్నాళ్ళూ ఆమె బొటనవేలు వెనకాడలేదు.

మధ్యాహ్నం కాకముందే గోడ మీద ఎరుపు పడింది.

మైలపల్లి తరంగిణి. జాలరిపేట. పదో తరగతి. అన్నయ్యని రేవు దగ్గర ఎవరో కాల్చి చంపారు. అప్పటినుంచి బడికి వెళ్ళడం లేదు. ఆసుపత్రి పాయ నుంచి అప్పుడే ఆ పిల్ల అన్న ఒక మాట వచ్చి చేరింది: ‘‘ఆడెవడో నాకు తెలుసు. ఆ వస్తువు నా కాడుంది...’’ దాని కింద సంగమం తీర్పు: ఉద్దేశం ఉంది, సాధనం ఉంది.

సువర్చల వేలు గాజు దాకా వెళ్ళి ఆగింది. మాట చివర చుక్కలున్నాయి. వచ్చిన మాటల్ని కుదించే కోతయంత్రం ఏదో వదిలేసింది. సమాచారం పంపినవాళ్ళతో నిర్ధారకులు మాట్లాడకూడదు. అయినా ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసింది.

అక్కడ పిల్లల బాధలు వినే మనస్సహాయకురాలు రెబెక్కా ఆటోలో ఉన్నట్టుంది, గాలి హోరు వినిపిస్తోంది.

‘‘ఆ పిల్ల ఇంకేమంది?’’ అని అడిగింది సువర్చల.

‘‘మీకు మొత్తం రాలేదా మేడమ్? ‘నా సెయ్యి ఆగదేమోనని బయమేస్తంది, వచ్చి తీసీసుకోండి’ అంది. నా పక్కనే కూర్చుంది. ఇంటికి వెళ్తున్నాం. ఆ తుపాకి తీసుకుని ఇద్దరం నేరుగా ఠాణాకే వెళ్తాం. దయచేసి బండి పంపకండి. ఈ పిల్లని పట్టుకుపోతే ఇంకే పిల్లా నా గదిలో నోరు విప్పదు.’’

సువర్చల లేచి పర్యవేక్షకుడి గదికి వెళ్ళింది. పట్నాయక్ అంతా విన్నాడు. చెడ్డవాడు కాదు. ఏటా నిశాంత్ పోయిన రోజున ఆమెకి సెలవు అడక్కుండానే ఇచ్చే మనిషి.

‘‘దారిలో ఆ అమ్మాయి మనసు మారితే?’’ అన్నాడు.

‘‘పక్కన రెబెక్కా ఉంది కదండీ.’’

‘‘ఆ రోజు మీ నిశాంత్ పక్కన కూడా టీచరుంది కదమ్మా.’’

పట్నాయక్ ఆమె కళ్ళలోకి చూడకుండా తన బల్ల మీది పలకపై ఆమె బదులు తానే బొటనవేలు నొక్కాడు.

రక్షాబండి జాలరిపేట సందులోకి వెళ్ళేసరికి తరంగిణి గడప దిగుతోంది. తువ్వాలులో చుట్టిన తుపాకి చేతిలో ఉంది. యూనిఫాంలు చూసి, ఇచ్చేద్దామని చెయ్యి ముందుకు చాపింది. వాళ్ళకి కనిపించింది తుపాకి పట్టుకున్న చెయ్యి. నేలకేసి అదిమారు. మణికట్టు విరిగింది. రెబెక్కా అరుపులు బండికున్న మైకులో పడ్డాయి గాని, సంగమం వాటిని లెక్కలోకి తీసుకోలేదు. గోడ మీద ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి: సాధనం స్వాధీనం, నివారణ సఫలం. అలవాటు ప్రకారం గదిలో అందరూ చప్పట్లు కొట్టారు.

పట్టుకొచ్చిన పిల్లల్ని ముందు ఆ భవనం కింది అంతస్తులోనే ఉంచుతారు. నిర్ధారకులెవరూ అక్కడికి దిగరు. సువర్చల దిగింది. తరంగిణి కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడవారగా కూర్చుని ఉంది. ఎంత చిన్నపిల్లో దస్త్రంలో తెలియలేదు.

‘‘అమ్మా, నానేటి సేసినాను?’’ అని అడిగింది. ‘‘తీసీసుకోమనే కదా సెప్పినాను.’’

‘‘అవును తల్లీ. చెప్పావు.’’

‘‘మీకినబడిందా?’’

‘‘సగం వినబడింది.’’

ఆ పిల్ల కట్టు కట్టిన చేతిని దగ్గరికి లాక్కుంది. ‘‘ఇంకెవులికీ ఏటీ సెప్పను’’ అని మొహం గోడవైపు తిప్పేసుకుంది. సువర్చల ఎంత పిలిచినా మళ్ళీ తిరగలేదు.

సువర్చల మెట్లెక్కి తన బల్ల దగ్గరికి వచ్చింది. తుఫాను వంటి ఆపదలొస్తే అన్ని పాయలకూ ఒకేసారి కబురు పంపే దారి ఒకటుంది. ఆ దారిలో తరంగిణి చెప్పిన మాటంతా, ఒక్క అక్షరం కోత లేకుండా పెట్టింది. పిల్ల పేరు మాత్రం తీసేసింది. దాని కింద ఇలా రాసింది: ‘‘సాయం అడిగిన బిడ్డని మనం నేరస్తురాలిలా పట్టుకున్నాం. మీరు పంపే మాటలు ఇక్కడికి సగమే చేరుతున్నాయి. మిగతా సగం ఏమైందో అడగండి.’’ తన పేరు పెట్టి పంపించింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. ఒక హెడ్‌మాస్టరు తాను పంపిన మాటలన్నీ తిరిగి చూపించమన్నాడు. ఒక నర్సు, తాను పట్టించిన పిల్లవాడు ఎక్కడున్నాడని అడిగింది. ఠాణా నుంచి కూడా ఒకరు అడిగారు. జవాబు దొరకనివాళ్ళు సమాచారం పంపడం మానేశారు, మొదట ఆసుపత్రి పాయ ఆరిపోయింది. ఆ వెనకే బడుల పాయలు సన్నబడసాగాయి.

పట్నాయక్ పరుగున వచ్చాడు. ‘‘ఎంత పని చేశారమ్మా! దీనికోసం మీరెంత తిరిగారు! రేపెక్కడో ఓ పిల్లాడు తుపాకి తీస్తే మనకి తెలీదు. ఆ తల్లికి ఎవరు జవాబు చెప్తారు?’’

‘‘నేనే చెప్తాను’’ అంది సువర్చల. ‘‘ఈ పిల్లకి మాత్రం మీరు చెప్పండి. కిందే ఉంది, వెళ్ళండి.’’

పట్నాయక్ మెట్ల వైపు చూశాడు. వెళ్ళలేదు. గోడ మీద మరో పాయ ఆరిపోయింది.