పెట్టె చెప్పిన జవాబు

"ఇది చచ్చిపోలేదు. మీరే చంపేశారు."

అతను ఉద్యోగంలో చేరిన రోజు ఆమె అతనితో అన్న మొదటి మాట ఇది. ఆమె చేతిలో ఒక పాత హార్డ్ డిస్క్ ఉంది. పొద్దున అతను రాసి తెచ్చిన ప్రోగ్రాం పరీక్ష చేసి, పనికిరాదని తేల్చి, తుక్కులో వేయించిన డిస్క్ అది.

ఆ షాపులో పాత డిస్కులు కొని, బాగున్నవి ఏరి, బడులకీ చిన్న ఆఫీసులకీ అమ్ముతారు. డిస్క్ ఒంట్లో సంగతి డిస్కే చెప్పాలి. ఎంతకాలం తిరిగింది, ఎంత వేడెక్కింది, ఎన్నిచోట్ల పాడైంది, అన్నీ దాని అడుగునున్న సర్క్యూట్ గుర్తుపెట్టుకుంటుంది. లోపలి ఫైళ్ళ జోలికి పోకుండా, అన్నిటికంటే కింది మెట్టు మీద ఆ సర్క్యూట్‌నే పలకరించి వివరాలు రాబట్టే ప్రోగ్రాం సి భాషలో రాయడం అతని పని. డిస్కుల్ని విప్పి, తుడిచి, బిగించి, చెవి దగ్గర పెట్టుకుని వినడం ఆమె పని. షాపు ఆమె పిన్నిది.

"ప్రోగ్రాం అడిగింది, డిస్క్ పలకలేదు. పలకనిదాన్ని పోయిందనే కదండీ అంటారు," అన్నాడతను.

"అడిగి ఎంతసేపు ఆగారు?"

"రెండు సెకన్లు."

ఆమె డిస్క్‌కి కరెంటిచ్చి అతని చెవి దగ్గర పెట్టింది. మొదట ఏమీ లేదు. కాసేపటికి ఎక్కడో దూరంగా సన్నటి మూలుగు మొదలై, మెల్లగా పెరిగి, చివరికి సాఫీగా తిరగడం వినబడింది.

"పెద్దదైపోయింది పాపం. నిద్రలేచి కూర్చోవడానికే దానికి కొంచెంసేపు పడుతుంది. ఈలోగా మీరు గుమ్మంలోంచే వెళ్ళిపోతే అదేం చేస్తుంది?"

ఎంతసేపు ఎదురుచూడాలో ప్రోగ్రాంకి చెప్పే అంకె ఒకటుంటుంది, దాన్ని టైమవుట్ అంటారు. అతను తలొంచుకుని ఆ అంకె పెంచాడు. డిస్క్ నిక్షేపంగా జవాబిచ్చింది. సాయంత్రానికల్లా షాపులో అతని పేరు తొందరగారు అయిపోయింది. అతనూ ఊరుకోలేదు. చెవితో రోగం కనిపెట్టే ఆమెకి డాక్టరుగారు అని పేరు పెట్టాడు. డాక్టరుగారు ఆ పేరుకి కోప్పడలేదు. అతనికి అది కొంచెం ఎక్కువగానే గుర్తుండిపోయింది.

షాపుకి రేకుల కప్పు. వాన పడితే ఆ మోతలో డిస్కుల చప్పుడు వినబడదు. ఆమె పని ఆగిపోతుంది. అప్పుడు స్టూలు జరుపుకుని అతని బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేది. తల్లి పోయాక పిన్ని తనని ఎలా పెంచిందో చెప్పేది. అతను రాసిన కోడ్ చదివి, ఇంత పొడుగు పేర్లు మనుషులకి కూడా పెట్టరు కదా అని ఏడిపించేది. సి ఆమెకీ వచ్చు. పాయింటర్లంటే మాత్రం పడదు. వస్తువు ఇవ్వకుండా వస్తువున్న చోటు చెప్పి పంపేవాళ్ళని తను నమ్మనంటుంది.

దాంతో అతనికి పొద్దున్నే లేచి మబ్బులు చూసుకోవడం అలవాటైంది. నాట్లు వేసిన రైతు కూడా అంత ఆశగా చూసి ఉండడు.

వాన లేని రోజుల్లో చూడటమే మిగిలేది. డిస్క్ వింటున్నప్పుడు ఆమె కళ్ళు మూసుకుంటుంది. జుట్టు చెవి వెనక్కి తోసి, ఊపిరి కూడా బిగబట్టి వింటుంది. తన మాట కూడా ఎవరైనా అలా వింటే బాగుండునని ఎవరికి అనిపించదు? ఒకరోజు ఆమె ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

"ఏంటి?"

"ఏం లేదు. ప్రోగ్రాం కంపైల్ అవుతోంది, చూస్తున్నాను."

"స్క్రీన్ ఆపేసి ఉంది, తొందరగారూ."

ఆ రాత్రి భోజనాల దగ్గర అతను తల్లికి విషయం చెప్పాడు. ఆవిడ భగవంతుడికి ఒక దణ్ణం పెట్టుకుని, ఇలాంటివి పెద్దవాళ్ళ ద్వారా అడగడమే మర్యాద, ఆ పిల్లకి తల్లీ తండ్రీ అన్నీ పిన్నే కదా అంది. అతనికీ అదే సబబనిపించింది. మర్నాడు ఆవిడ పాత కంప్యూటర్ ఒకటి వంకగా పెట్టుకుని షాపుకి వెళ్ళి, కౌంటర్లో ఉన్న పిన్నితో మాట్లాడి వచ్చింది.

కొడుకు ముఖం చూడకుండా చెప్పింది. "అమ్మాయికి పెళ్ళి ఉద్దేశం లేదన్నారు నాన్నా. ఆవిడ చాలా మర్యాదగానే చెప్పారు."

ఇక అతను ఇంకేం అడుగుతాడు? ఇష్టం లేదన్న మనిషిని మాటలతో చూపులతో విసిగించకూడదని, అది తన వైపు నుంచి కనీస మర్యాదని అనుకున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. వాన పడితే ఏదో పనున్నట్టు గోదాంలోకి వెళ్ళిపోయేవాడు. డాక్టరుగారు అనడం మానేసి మేడం అనడం మొదలుపెట్టాడు. ఆమె ఒకసారి అడిగింది, కోపమా అని. లేదన్నాడు. ఆమె స్టూలు తీసుకుని మెల్లగా తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి ఒకసారి చూసిందేమో, అప్పటికి అతను తల దించేసుకున్నాడు.

కొన్నాళ్ళకి ఇంకో కబురు తెలిసింది. వేరే ఊళ్ళో పాడైన డిస్కుల్ని బాగుచేసే పెద్ద ల్యాబ్ ఒకటి ఆమెని రమ్మంటోందట. చాన్నాళ్ళుగా ఎటూ తేల్చని ఆమె ఇప్పుడు సరేనందట. ఈ వారం ఆఖర్న రైలు.

ఆ వారమే షాపులో గొడవ మొదలైంది. ఒక బడికి అమ్మిన డిస్కుల్లో ఒకటి ఠపీమని పోయింది. పరీక్షలో అది దివ్యంగా ఉందని వచ్చింది. పిన్ని కౌంటర్లోంచి లేచి వచ్చి, బడిపిల్లల దగ్గర మాట పోయింది, అమ్మాయి వెళ్ళేలోగా ఇద్దరూ కూర్చుని సంగతేంటో తేల్చమంది.

ఇద్దరూ ఒకే స్క్రీన్ ముందు కూర్చున్నారు, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత జాగా వదులుకుని.

అతను కోడ్‌ని వరస వారీగా నడిపించాడు. డిస్క్‌ని అడిగే కాల్ ఏ తప్పూ లేకుండా తిరిగి వస్తోంది. జవాబు నింపాల్సిన జాగాని, అంటే బఫర్‌ని మాత్రం అంకెలుగా అచ్చువేసి చూస్తే అన్నీ సున్నాలే. పాడైన చోట్లు సున్నా. వేడి సున్నా. తిరిగిన గంటలు సున్నా. పాడైన చోట్లు సున్నా అంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనని అతని ప్రోగ్రాం సంతోషంగా రాసేస్తోంది. ఇంకో డిస్క్ పెట్టాడు, అవే సున్నాలు. ఇంకోటి పెట్టాడు, అవే. ఆమె వింటూ, ఇందులో రెండింటి గొంతు బొంగురుగా ఉందని చెప్పింది.

ఆమె చెయ్యి చాపి డిస్క్‌ని లాగేసింది. "ఇప్పుడు అడగండి."

"డిస్కే లేదు కదండీ."

"అడగండి."

అడిగాడు. స్క్రీన్ మీద పచ్చరంగులో వచ్చింది, ఆరోగ్యం బాగుందని.

ఇద్దరూ ఖాళీ పెట్టె వైపు చూశారు. అంతకుముందు డిస్కుల్ని కంప్యూటర్ లోపలి వైరుకే తగిలించేవారు. ప్రతిసారీ విప్పడం కష్టంగా ఉందని పిన్ని ఈమధ్యే ఒక పెట్టె కొంది. డిస్క్‌ని దాని గాడిలో నిలబెడితే చాలు, పెట్టెకీ కంప్యూటర్‌కీ మధ్య ఒక్క వైరు.

"జవాబు చెప్తున్నది ఇదన్నమాట," అన్నాడతను. "నా ప్రశ్న దీనికి అర్థం కావడం లేదు. అర్థం కాలేదని చెప్పకుండా, అంతా సరే అని తిప్పి పంపేస్తోంది. డిస్క్ దాకా మాటే వెళ్ళడం లేదు. స్క్రీన్ మీద ఈ చివరున్న పేరు చూడండి. డిస్క్ పేరు కాదు, పెట్టె తన పేరే రాసింది."

"పాపం డిస్క్‌కి ఎవరో తనని అడిగారని కూడా తెలీదు," అంది ఆమె.

చాన్నాళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు. నవ్వు ఆగాక ఎక్కడ చూడాలో ఇద్దరికీ తెలియలేదు.

దారి లేకపోలేదు. ప్రశ్నని కవర్లో పెట్టి, ఇది నీకు కాదు, విప్పకుండా లోపలున్నవాళ్ళకి ఇచ్చి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు పట్టుకురా అని పెట్టెకి చెప్పే పద్ధతి ఒకటుంది. అతను తన ప్రశ్నని ఆ కవర్లో మడిచాడు. కాల్ తప్పులేకుండా రాగానే నమ్మేయకుండా, పలికింది డిస్కేనా అని చూసుకునే లైను కూడా చేర్చాడు. బొంగురు గొంతు డిస్కులు రెండూ తమ రోగం ఉన్నదున్నట్టు చెప్పుకున్నాయి. ఆమె చెవి తప్పలేదు.

ఇంటికి వెళ్ళాక అన్నం తింటూ అతను ఈ కథంతా తల్లికి చెప్పాడు. ఆవిడ దేవుడి ముందు కూర్చుని ఉంది. అంతా విని, పటం వైపు ఒకసారి చూసింది.

"మరి నేను రోజూ అడుగుతున్నానే, వింటున్నది ఆయనేనంటావా, మధ్యలో ఇంకెవరైనా సరే సరే అనేస్తున్నారా?"

అడిగి తనే నవ్వి, చెంపలేసుకుంది. తర్వాత ఆవిడ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"ఒరే నాన్నా. ఆ రోజు పిన్నిగారిని అడిగాను చూడు. ఆ పిల్లని అడగడానికి ఆవిడ లోపలికి వెళ్ళలేదురా. నా మాట పూర్తయ్యేలోపే చెప్పేసింది."

అతను తింటున్న అన్నం అలాగే వదిలేసి లేచాడు. ఇన్నాళ్ళూ ఆమె మాట అనుకుని తను ఎవరి మాటకి తలొగ్గాడు? ఆమె కోపమా అని అడిగిన రోజు, ఆ గొంతులో ఉన్నదేమిటి?

మర్నాడు ఆమె రైలు. పొద్దుటినుంచీ వాన. అతను వెళ్ళేసరికి ఆమె తన పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి సంచీలో సర్దుకుంటోంది. పిన్ని కౌంటర్లో పార్సిలుకి దారం కడుతోంది.

అతను గొడుగు మూయకుండానే అన్నాడు. "పిన్నిగారూ, మా అమ్మ మిమ్మల్ని ఒక మాట అడిగింది. మీరు జవాబు చెప్పారు. ఆ మాట డాక్టరుగారి దాకా వెళ్ళిందా?"

పిన్ని చేతిలో దారం ఆగిపోయింది.

"ఏ మాట?" అంది ఆమె బల్ల దగ్గర్నుంచి.

పిన్ని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎప్పుడో ఎవరో సంబంధం అంటే నువ్వు అన్నం మానేసి ఏడ్చావు కదే. అప్పట్నించీ అడిగినవాళ్ళందరికీ నేనే చెప్పేస్తున్నాను, నిన్ను కదపడం ఎందుకని." ఇంకా మెల్లగా అంది, "నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారని కూడా అనుకో."

ప్రేమతోనే చేసింది. ప్రేమతో చేసినంత మాత్రాన ఒకరి జవాబు ఇంకొకరు చెప్పవచ్చా?

"మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదండీ," అన్నాడతను. "మీరు సరేనంటే, మీ ఎదురుగానే అడుగుతాను. జవాబు మాత్రం మీరు చెప్పకండి."

పిన్ని తలూపి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అతను ఆమె వైపు తిరిగాడు. గొడుగులోంచి నీళ్ళు బూట్ల మీద కారుతున్నాయి. "మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది నాకు. మీకిష్టమేనా?"

ఆమె తుడుస్తున్న పనిముట్టునే మళ్ళీ తుడిచింది. రేకుల మీద వాన మోగుతూనే ఉంది. అడగడమే ఆలస్యమైపోయిందేమో.

"పోనీలెండి. రైలుకి టైమవుతోంది, నేను..."

"టైమవుట్ ఎంత పెట్టారు, తొందరగారూ?"

ఆమె తలెత్తలేదు.

అతను గొడుగు మూశాడు. స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "పెట్టలేదండీ. తీసేశాను."

ఆమె పనిముట్టు కింద పెట్టింది. చాలాసేపటికి మాట వచ్చింది.

"వాన పడితే మీరు గోదాంలోకి వెళ్ళిపోయేవారు. నేను ఒక్కదాన్నే కూర్చుని ఈ రేకుల మోత వినలేకపోయాను. అందుకే ఆ ఉద్యోగానికి సరేనన్నాను. అడగడానికి ఇన్నాళ్ళు పట్టిందా మీకు? ఇష్టమే."

"మరి వెళ్తారా?"

"వెళ్తాను. మాటిచ్చాను. అక్కడ ఏడాది నేర్చుకుని వస్తాను. ఆగుతారా?"

"ఇందాకే చెప్పాను కదండీ."

పిన్ని ఇంకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ఆ చేతి మీద పడుతున్నాయి. ఆమె వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "ఇంక మాట్లాడొచ్చు పిన్నీ."

"వదినగారికి ఫోన్ కలుపు బాబూ, చెప్తాను," అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. మొన్నటిదాకా ఆవిడకి అతని తల్లి ఒక కస్టమరు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు ఫోన్ అతని వైపు తోసేసింది. "వద్దులే. నువ్వే చెప్పుకో. మధ్యలో నేనెందుకు?"

సాయంత్రం రైలు ఆమెని తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు వాన మొదలైతే అతను ఆమెకి ఫోన్ చేస్తాడు. ముందు ఏమీ మాట్లాడడు. ఫోన్‌ని రేకుల వైపు ఎత్తి పట్టుకుంటాడు. అవతల ఆమె జుట్టు చెవి వెనక్కి తోసుకుని, కళ్ళు మూసుకుని వింటూ ఉంటుందని అతనికి తెలుసు.