పట్టీ కింద తనకా

ఏడు కాకుండానే పజుండౌంగ్ పేటలోని ఆ మేడమీది ఇంట్లో రోజూ ఉండే రభస మొదలైంది. నాలుగేళ్ల సు సు కుడికన్ను మీద జయ పట్టీ అంటిస్తోంది. పిల్ల కాళ్లు తన్నుకుంటోంది.

"అత్తా, నేనొచ్చీదాకా తియ్యకు. మంచి కన్ను మూస్తేనే ఎడం కన్ను చూడ్డం నేర్చుకుంటాదట. ఏడెనిమిదేళ్లు దాటితే మరి కష్టమని డాక్టరమ్మ చెప్పింది కదా."

"అలాగేనే తల్లీ. బస్సు తప్పిపోద్ది, వెళ్లు," అంది సూర్యావతి.

జయ మింగళాడోన్ కుట్టు ఫ్యాక్టరీకి వెళ్లిపోయింది. జయ మొగుడు వాసు తెల్లారకుండానే తన్లిన్ రేవుకి పోయాడు. పదకొండేళ్ల పెద్ద మనవరాలు సుధామణి బడికెళ్లింది. ముసలమ్మా, పసిదీ మిగిలారు.

సు సు రెండడుగులు వేసి తలుపుకి గుద్దుకుంది. "మమ్యిన్యబూ" అని ఆ ఊరి భాషలో ఏడ్చింది, కనబడ్డం లేదని. బాగున్న కన్ను మూసేసి పసిదాన్ని గుడ్డిదాన్ని చేయడం ఏం వైద్యమో సూర్యావతికి ఏనాడూ ఎక్కలేదు. మెల్లగా పట్టీ ఊడదీసింది. తనకా చెక్క అరగదీసి, ఆ చల్లటి గంధం పిల్ల మొహమంతా పూసింది. పిల్ల నవ్వింది. నాలుగింటికి మొహం తుడిచి, పట్టీకి కొత్త టేపు వేసి మళ్లీ అంటించేసింది.

సుధామణికీ చిన్నప్పుడు అంతే చేసింది, మూడేళ్లపాటు. దాని ఎడం కన్ను బాగుపడలేదు. వయసు దాటిపోయిందన్నారు. దాని రాత అంతేనని సూర్యావతి దేవుణ్ణి తిట్టుకుంది. అప్పుడైతే తనకా శుభ్రంగా తుడిచి మరీ పట్టీ వేసేది. ఇప్పుడు తన కళ్లకే పొర కమ్మింది.

సాయంత్రం జయ వచ్చి పట్టీ తీసింది. కంటి చుట్టూ తెల్లగా ఎండిన తనకా.

"ఇదేటి, అత్తా? పొద్దున్న ఒట్టి మొకానికి అంటించేను."

"గుంట ఏడుస్తుంటే చూళ్లేకపోయేనే. కాసేపే తీసేను."

జయ గొంతు పెంచలేదు. "సుధామణికీ తీసీదానివా?"

సూర్యావతి అవునని తలూపింది.

"మూడేళ్లు, అత్తా. పట్టీ సరిగ్గా ఉంచట్లేదని డాక్టరమ్మ నన్ను తిడితే ఒట్టేసి చెప్పేను. ఇంట్లో మా అత్తుంది, తియ్యనివ్వదని చెప్పేను."

సుధామణి పుస్తకం వదిలేసి మధ్యలోకొచ్చింది. "నానమ్మని ఏటీ అనకమ్మా. నేనే తియ్యమనీదాన్ని. నీకు చెప్పొద్దందీ నేనే."

సూర్యావతి దాని చెయ్యి పట్టుకుంది. "ఇలా రా. మంచి కన్ను మూసుకో. నా మొకం కనబడతందా?"

సుధామణి కుడికన్ను అరచేత్తో మూసుకుని చాలాసేపు చూసింది.

"నీ మొకం ఉన్న చోటు తెలుస్తంది, నానమ్మా."

ముసలమ్మ కూలబడిపోయింది. "రాత కాదే, నేనే పోగొట్టేను," అని నేలకేసి తల కొట్టుకుంటూ ఏడ్చింది. జయ ఆమెను పట్టుకుని ఆపలేదు. వంటింట్లోకెళ్లి తానూ ఏడ్చింది. ఆ పూట ఎవరూ అన్నం ముట్టలేదు.

మర్నాడు పట్టీ వేశాక జయ గుమ్మం దగ్గర ఆగిపోయింది. "పని మానీమంటావా, అత్తా?"

"ఈ ఒక్క రోజు నన్ను నమ్మవే."

పగలంతా సు సు "తీసెయ్ నానమ్మా" అని ఏడుస్తూనే ఉంది. సూర్యావతి దాన్ని ఒళ్లో పెట్టుకుని తానూ ఏడ్చింది గానీ పట్టీ మీద చెయ్యి వేయలేదు. తనకా చెక్క జోలికి పోలేదు.

సాయంత్రం జయ పట్టీ తీసింది. కింద ఒట్టి చర్మం, టేపు అంచున కాస్త ఎరుపు. ఆమె తడిగుడ్డ తెచ్చి అత్త మొహం తుడిచింది.

"తిన్నావా?"

"అది తిందిలే."

జయ కంచంలో అన్నం పెట్టుకొచ్చి అత్త ముందుంచింది.

సుధామణి తనకా చెక్క తెచ్చింది. "ఇప్పుడు పుయ్యొచ్చు కదా, నానమ్మా. దానికీ, నాకూ."

సూర్యావతి చిన్నదానికి పూసింది. పెద్దదాని ఎడం కంటి దగ్గరకొచ్చేసరికి చెయ్యి తీసేసి కళ్లొత్తుకుంది.

"ఏడవకు నానమ్మా," అంది సుధామణి. "నాకు రెండో కన్నుంది కదా."