చేపకూ విషానికీ మధ్య ఒక ఎస్

"మాట సరిగ్గా పలికితే వాల్వ్ తెరుచుకోకుండా బిగుసుకుంటుంది. తప్పు పలికినా, టైమర్ అయిపోయినా తెరుచుకుంటుంది," అన్నాడు నిఘా విభాగం చీఫ్ వెంకటేశన్.

నల్లంపల్లి హైవే పక్క గోడౌన్‌లో విదేశీ ముఠా విషవాయువు సిలిండర్ అమర్చింది. ఎదురుగా సంత. జనాన్ని కదిలిస్తే రిమోట్ నొక్కేస్తారు. సిలిండర్‌కు మగ గొంతు మాత్రమే వినే వాయిస్ లాక్. కోడ్‌వర్డ్ ఫ్రెంచి మాట: పి, ఓ, ఐ, ఎస్, ఎస్, ఓ, ఎన్. చేప అని అర్థం.

"ముకేష్ పలుకుతాడు. సెలీన్ నేర్పుతుంది. అభిరామి తుపాకీతో కవర్ చేస్తుంది," అన్నాడు చీఫ్.

సెలీన్ ముఠాను వదిలి మనవైపు వచ్చిన డబుల్ ఏజెంట్. అందగత్తె. ధర్మపురి సేఫ్‌హౌస్‌లో ముకేష్ పెదవుల ముందు వేలు ఆడిస్తూ సిలబుల్స్ విడగొట్టింది. "పువా... జోఁ." అతను ఆమె పెదవులే చూస్తూ పలికాడు.

అభిరామికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్లు పక్కన తుపాకీ పట్టి నిలబడినా అతను తన మొహం అంత శ్రద్ధగా చూడలేదు. సెలీన్ కన్నా బాగా పలికి చూపించాలన్న కసితో, వ్యాన్‌లో ఇయర్‌బడ్స్ పెట్టుకుని ఫ్రెంచి పాఠాలు వింది. గోడౌన్ దగ్గరపడుతుండగా అసలు పాఠం చెవిన పడింది. అచ్చుల మధ్య ఎస్ ఒక్కటే అయితే అది తర్వాతి సిలబుల్‌తో పోయి 'జ' అవుతుంది. రెండుంటే మాట వాటి నడుమ విడిపోయి 'స' నిలుస్తుంది.

చింతపండు వ్యాపారుల వేషంలో ముగ్గురూ లోపలికి జొరబడ్డారు. టైమర్ చివరి నిమిషంలో ఉంది. ముకేష్ మైక్ ముందు వంగాడు.

"ఆగు. ఆమె నేర్పింది తప్పు. మాటలో రెండు ఎస్‌లుండాయి. పువా-సోఁ అనల్ల. జోఁ అంటే విషం."

"నీకు పొరామ అభీ, ఆమెను చూసి ఓర్వలేవు. మొదట్నించీ చూస్తానే ఉండాను."

"అవును, పొరామే. కడుపు మండిపోతా ఉంది. అయినా రెండు ఎస్‌లే."

"టైం లేదు, ముకేష్," అంది సెలీన్ తీయగా. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. అభిరామి ఆ మణికట్టు పట్టి మెలిపెట్టింది. బ్యాగ్‌లోంచి గ్యాస్ మాస్క్ జారిపడింది. ఒక్కటే.

ముకేష్ మైక్ వైపు తిరిగాడు. "పువా-సోఁ."

వాల్వ్ క్లిక్‌మని బిగుసుకుంది. ఆఖరి సెకను దగ్గర టైమర్ ఆగిపోయింది. బయట సంతలో బేరాలు సాగుతూనే ఉన్నాయి.

అభిరామి సెలీన్‌కు సంకెళ్లు వేసి వ్యాన్ ఎక్కించింది.

"నాకు ఫ్రెంచి నేర్పిస్తావా అభీ?" అన్నాడు ముకేష్, వ్యాన్ కిటికీ వైపు చూస్తూనే.

"నేర్పిస్తాను. ముందు ఆమెను చూసేది నిలుపు."