ఎదురు పాట

ఆ రోజు వాన, పనీపాటా లేని చుట్టం కబుర్లలా, పొద్దున మొదలుపెట్టి ఆగడం మరిచిపోయింది. కుట్టు మిషన్ల రిపేరు షాపులోకి వచ్చిన అమ్మాయి నిలువునా తడిసిపోయింది గానీ ఆమె చేతుల్లోని అట్టపెట్టె మాత్రం తడవలేదు. గొడుగంతా దానికే పట్టుకుని వచ్చింది మరి.

మెకానిక్ పెట్టె తెరిచాడు. నల్లటి పాతకాలం మిషన్. నాలుగు స్క్రూలు విప్పి లోపలికి తొంగిచూశాడు. నవ్వకూడదని తెలిసీ నవ్వాడు.

"ఇది మిషన్ కాదండీ. మిషన్ వేసుకునే చొక్కా. లోపల మనిషి లేడు."

"అంటే?"

"కింది దారం తిప్పే షటిల్ లేదు, ఇరుసు లేదు. బరువు తూగాలని పగిలిన టైల్స్ ముక్కలు కూరారు. ఎక్కడ కొన్నారు?"

"ఆన్‌లైన్ వేలంలో. ఆరుగురి మీద పాట గెలిచాను."

"అయితే ఆ ఆరుగురూ అదృష్టవంతులు."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపుకి వానలో తడిసినవాడు కూడా ఆరిపోవాలి.

"ఇక్కడ రిపేరుకే డబ్బులు తీసుకుంటారా, వెక్కిరింతకి కూడానా?"

"వెక్కిరింత ఫ్రీ అమ్మా," అన్నాడు లోపలి బల్ల దగ్గర్నుంచి బాబాయి. షాపు ఆయనదే. "మా వాడు చిన్నప్పట్నుంచీ అంతే. నోరు ముందు, బుద్ధి వెనక."

అలా మొదలైంది. ఆమె పక్కవీధిలో టైలర్. మోసపోయిన సంగతి కన్నా, ఎలా మోసపోయానో తెలియకపోవడమే ఆమెకి ఎక్కువ మంటగా ఉంది. మర్నాడు మళ్ళీ వచ్చి ఫోన్ అతని ముందు పెట్టింది.

"నేర్పండి. ఈసారి పట్టుకుంటాను."

అతను నేర్పాడు. ఫొటో మరీ అందంగా ఉంటే ఎక్కడినుంచో ఎత్తుకొచ్చారేమో వెతకమన్నాడు. ఒక కాగితం మీద ఇవాళ్టి తేదీ రాసి, వస్తువు పక్కన పెట్టి ఫొటో పంపమని అడగమన్నాడు. డబ్బు సైట్ బయట కట్టమన్నవాడితో రెండో మాట వద్దన్నాడు.

"అన్నిటికన్నా ముఖ్యం, ఎదురు పాట పాడేవాళ్ళని చూడండి. ఒకే అమ్మకందారు సరుకు మీద పాడి, ఎప్పుడూ గెలవని వాడుంటే, వాడు కొనడానికి రాలేదు. మీ చేత రేటు పెంచించడానికొచ్చిన అమ్మకందారు మనిషే."

"మరీ చవగ్గా ఉంటే?"

"ఇంకా అనుమానించాలి. చవగ్గా దొరికేది ఎలుకల బోనులో రొట్టెముక్క ఒక్కటే."

"మీరు మనుషుల్ని కూడా ఇలాగే చూస్తారా మెకానిక్ గారూ?"

"మిమ్మల్ని ఒక్కర్నీ ఇంకా చూడలేదు టైలర్ గారూ. చూస్తే మీరే తిడతారు."

ఆమె తిట్టలేదు. బాబిన్ దారం చుట్టుకుంటూ కిందకి చూసి నవ్వింది. ఆ నవ్వు కోసం మన మెకానిక్ ఆ వారమంతా బాగున్న మిషన్లు కూడా విప్పి మళ్ళీ బిగించాడు.

ఆ మోడలే ఎందుకని ఒకరోజు అడిగాడు. అలాంటి మిషన్ మీదే అమ్మ ఆమెకి కుట్టు నేర్పింది. అమ్మ పోయాక అన్నయ్య దాన్ని అమ్మేశాడు. అమ్మేసి, రిపేరుకి ఇచ్చానన్నాడు. ఆమె నాలుగు నెలలు ఎదురుచూసింది.

"నిజం తెలిశాక అడిగితే, నువ్వు బాధపడతావని నీ మంచికే చెప్పలేదమ్మా అన్నాడు. మిషన్ పోయినందుకు కాదండీ, ఆ నాలుగు నెలలు నన్ను పిచ్చిదాన్ని చేసినందుకు ఇప్పటికీ మా అన్నయ్యతో మాట్లాడను."

ఈ మాట అతను విన్నాడు. చెవులారా విన్నాడు. విన్నవాడికి బుర్రలోకి ఎక్కితే ఈ కథే ఉండేది కాదు.

నెల తిరక్కుండా ఒక పాత కస్టమరు ఇంటి అటక మీద అచ్చం అదే మోడల్ దొరికింది. అతను దాన్ని కొని, తుప్పు గీకి, నూనె పోసి, ముద్దొచ్చేలా తయారుచేశాడు. తయారయ్యాక ఆమెని మాటవరసకి అడిగినట్టు అడిగాడు.

"అలాంటిది నా దగ్గరే దొరికితే తీసుకుంటారా?"

"మీ దగ్గర కొనను. మీరు రేటు తగ్గిస్తారు. తగ్గించారని కుట్టినప్పుడల్లా గుర్తొస్తుంది. రేపు మనిద్దరికీ ఒక మాట తేడా వస్తే, ఆ మిషన్ నన్ను చూసి నవ్వుతుంది."

అందులో 'మనిద్దరికీ' అన్న ముక్క ఒక్కటే అతనికి వినపడింది. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. మర్నాడు కొత్త పేరుతో సైట్‌లో ఖాతా తెరిచి, మిషన్‌ని వేలానికి పెట్టాడు. ఆమె కంట పడింది. తేదీ కాగితంతో ఫొటో అడిగింది. తన చేతిరాత గుర్తుపడుతుందని కాగితం మీద తేదీ బాబాయి చేత రాయించి పంపాడు. ఆమె పాట మొదలుపెట్టింది. ఇంకెవరూ పాడలేదు.

అప్పుడు భయం పట్టుకుంది. ఇంత చవగ్గా పోతే ఆమెకి అనుమానం రాదూ? నేర్పింది తనే కదా.

"బాబాయ్, నీ ఫోన్ ఇటివ్వు. నీ పేరు మీద ఎదురు పాట పాడాలి. రేటు నమ్మేట్టు ఉండాలి."

బాబాయి కళ్ళజోడు తీసి అతని వంక చూశాడు. "దీన్నేమంటారో ఆ పిల్లకి నువ్వే చెప్పావు గదరా."

"నేను మోసం చేయట్లేదు. ఇది ఆమె కోసమే."

"ఆ అన్నయ్య అన్నదీ అదేగా," అన్నాడు బాబాయి. కానీ ఫోన్ ఇచ్చాడు. పెంచిన ప్రేమ అలాంటిది, తప్పని తెలిసీ తాళం చేతికిస్తుంది.

ఆమె గెలిచింది. ఊరవతల కొరియర్ ఆఫీసు నుంచి అతను పార్శిల్ పంపాడు. మూడో రోజు ఆమె షాపుకి వచ్చింది. మొహంలో సంతోషం లేదు.

"నన్ను మళ్ళీ మోసం చేశారండీ. నాకు ఎదురు పాడినవాడి ఖాతా పుట్టి వారమే. ఈ అమ్మకందారు దగ్గర తప్ప ఎక్కడా పాడలేదు. మీరు చెప్పినట్టే ఉంది. కంప్లయింట్ రాయాలి, సాయం చేయండి."

లోపల బాబాయి దగ్గు మొదలుపెట్టాడు.

"పోనీ వదిలేయకూడదూ," అన్నాడు అతను. "కాస్త రేటు ఎక్కువైతే ఏం, మిషన్ మంచిదేగా. చప్పుడు కూడా లేకుండా నడుస్తుంది."

ఆమె చేతిలోని ఫోన్ బల్ల మీద పెట్టింది.

"నేను ఇంకా పెట్టె విప్పలేదు," అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాడు కూడా ఇంత తొందరగా దొరికిపోడు. అతను అంతా చెప్పేశాడు. అటక దగ్గర్నుంచి బాబాయి ఫోన్ దాకా చెప్పాడు. చివర్లో, ఎన్నాళ్ళుగానో దాచుకున్నది కూడా చెప్పాడు. ప్రేమిస్తున్నానన్నాడు. చెప్పకూడని చోట చెప్తే ఎంత మంచి మాటైనా సాకులాగే వినపడుతుంది.

"ఎక్కువ కట్టినదంతా తిరిగిచ్చేస్తాను. మీ సంతోషం కోసమే..."

"ఆ మాట అనకండి," అందామె. గొంతు పెంచలేదు. "టైల్స్ ముక్కలు పంపినవాడి మీద నాకు కోపమే వచ్చింది. వాడెవడో నాకు తెలియదు. మిమ్మల్ని తలుచుకుంటూ నేను పొద్దున్నే తొందరగా లేచేదాన్ని."

అంతే. డబ్బు తీసుకోలేదు. మిషన్ తిరిగి పంపలేదు. పాట పాడి కొనుక్కున్నానంది, వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె దారమూ సూదులూ అవతలి బజార్లో కొనుక్కుంటోందని తెలిసింది.

ఐదు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె మిషన్ మోసుకుంటూ వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు.

"బాబాయి గారు లేరా?"

"బయటికెళ్ళాడు. ఏమైంది?"

"మందపు గుడ్డ మీద కుట్టు తప్పుతోంది."

అతను మిషన్ వంక చూశాడు గానీ ముట్టుకోలేదు. "షటిల్ అంచు అరిగింది. అమ్మకముందే చూశాను. అప్పుడు కొత్తది దొరకలేదు, తర్వాత తెప్పించి ఉంచాను. రాస్తే మీరు పాడరేమోనని రాయలేదు. ఆ రోజు అన్నీ చెప్పాను. ఇదొక్కటీ చెప్పలేదు."

ఆమె అతని వంక చూసింది. కోపం లేదు. అదుంటేనే బాగుండేదనిపించింది అతనికి.

"అరిగిందని చెప్పుంటే, అరిగిందని తెలిసే తీసుకునేదాన్ని," అంది. "బాబాయి గారిని బాగుచేసి పెట్టమనండి. ఆయనే చేయాలి. అయ్యాక ఆయన ఫోన్ చేస్తే వస్తాను."

సాయంత్రం బాబాయి బల్ల ముందు కూర్చున్నాడు. డెబ్బై ఏళ్ళ చేతులు, సన్నటి స్క్రూలు. రెండోసారి జారాక స్క్రూడ్రైవర్ అతని వైపు తోశాడు.

"నావల్ల కావట్లేదురా. అరగంట పని నీకు, నువ్వే బిగించెయ్. ఎవరు చేశారో ఆ పిల్లకేం తెలుస్తుంది?"

అతని వేళ్ళు ముందుకెళ్ళాయి. తను రుద్ది మెరిపించిన ఇనుము అది. ఆమె రోజూ చెయ్యి వేసే చక్రం అది. ఒక్కసారి ముట్టుకోవాలని ఎంతగానో అనిపించింది.

"నువ్వే చేయాలంది బాబాయ్," అన్నాడు.

స్క్రూడ్రైవర్ తిరిగి ఆయన చేతిలో పెట్టి, లైటు దగ్గరికి లాగి పట్టుకున్నాడు. ఆ పని అవడానికి మూడు గంటలు పట్టింది. అంతసేపూ అతను లైటు పట్టుకునే నిలబడ్డాడు.