బళ్లారి రోడ్డు సిగ్నల్

"ఏమప్పా, ఇదేం ఫోను? బెంగుళూర్లో గలగలా మాట్లాడింది, ఈడికొచ్చి మూగదైపాయ!"

రాయదుర్గంలో జీన్స్ కుట్టే అంజలి, ఫోన్‌ను శశికుమార్ సెల్‌ఫోన్ల షాపు కౌంటర్ మీద ఠంగున పెట్టింది. ఆ కళ్లలోని కోపానికి మనవాడి గుండె అక్కడే జారిపోయింది.

"ఫోను బాగానే ఉండాది. ఇది పద్దెనిమిది వందల ఫ్రీక్వెన్సీనే పట్టుకుంటాది. మన ఊరి టవర్లన్నీ తొమ్మిది వందలవి. వేరేది తీసుకో."

"మార్చను. గోడలు కట్టే బేల్దారి పనికి బెంగుళూరు పోయిన మా నాయన కొనిచ్చినాడు. ఆదివారం ఆదివారం మాట్లాడాల!"

"అయితే బళ్లారి రోడ్డులో, బార్డరు కాడికి పోదాం. కర్ణాటక టవరు అందుతాది. బండి నాది."

బండి ఎక్కింది అంజలి ఒక్కతే కాదు. అవ్వ తిప్పమ్మ ఇద్దరి మధ్యా గోడలా కూర్చుంది. అద్దంలో అంజలి కళ్లు కనబడితే చాలనుకున్నాడు శశి. అవ్వ కొప్పే కనబడింది.

అయినా ఆదివారం కోసం వారమంతా ఎదురుచూసేవాడు. అంతలో ఊళ్లోనే పద్దెనిమిది వందల టవర్ లేచింది. చెబితే ఆదివారాలు పోతాయి. చెప్పకపోతే మోసం. రెండు వారాలు నోరు మెదపలేదు, కంటికి కునుకూ లేదు.

మూడో ఆదివారం బార్డరు దగ్గర బండి ఆపాడు. చినుకులు మొదలయ్యాయి.

"అంజలీ, ఈడికి రావాల్సిన పని లేదు. ఊర్లోనే సిగ్నల్ వచ్చింది. నువ్వు మళ్లీ రావని భయమేసి చెప్పలేదు. నువ్వంటే నాకిష్టం."

అంజలి తల దించుకుంది. అవ్వ మాత్రం పకపకా నవ్వింది.

"నీదేం పెద్ద గుట్టులే నాయనా! పదహైదు దినాలుగా ఫోను ఇంట్లోనే మోగుతాండాది. ఆదివారమైతే ఈ పిల్లే ఆపేస్తాది!"

"అవ్వా!" అంది అంజలి, చెవుల దాకా ఎర్రబడి.

శశి నోరు తెరిచి చూస్తుంటే, ఆమె ఫోన్ ఆన్ చేసింది. మరుక్షణమే మోగింది. రెండు మాటలు విని శశి చేతికిచ్చింది.

"ఏమప్పా, మా అమ్మ అంతా చెప్పిందిలే," అన్నాడు అవతలి నుంచి అంజలి నాయన ఎర్రప్ప. "ముసలామెను మీ నడుమ కూర్చోబెట్టుకోని ఎన్నాళ్లు తిరుగుతావు? వచ్చే వారం ఊరికొస్తాండా. మీ పెద్దోళ్లను తోడుకోని ఇంటికి రా."

శశి సరేనన్నట్టు తలూపాడు, ఫోన్‌లో కనబడదని కూడా మరిచిపోయి.

వాన పెరిగింది. శశి బండి స్టార్ట్ చేశాడు. తిప్పమ్మ ఎక్కకుండా నిలబడి, అంజలిని ముందుకు తోసింది.

"నువ్వు ఎక్కు ముందు. నేను ఎనకాల కూర్చుంటా."