లసుమవ్వ వదిలిన చోటు

పెద్దపల్లి పొలాల్లో మనుషులు వంగి నాట్లు వేయడం మానేసి అప్పటికి రెండు తరాలైంది. వానలు మొదలవగానే సాలీడు కాళ్ల యంత్రాలు గట్టు దిగి, చప్పుడు లేకుండా మడులన్నీ నాటేసి, సాయంత్రానికి తమను తామే కడుక్కుని షెడ్డుకు వెళ్లిపోయేవి. నాటు పాట మాత్రం చావలేదు. పొలం వదిలి ఏసీ హాల్లో కుదురుకుంది.

కరీంనగర్‌లోని లసుమవ్వ అభిమాన సంఘం నెలకోసారి అలాంటి హాల్లో సమావేశమయ్యేది. సభ్యులు చెప్పులు విప్పి, ప్యాంట్లు మోకాళ్ల దాకా మడిచి, వరసగా పెట్టిన బురద తొట్టెల్లో నిలబడి పాట వినేవారు. కాలికి బురద అంటకుండా వింటే అది నాటు పాటే కాదని సంఘం నియమం. అయితే ఆ బురద లాబరేటరీలో శుద్ధి చేయించినది. జలగలుండవు, వాసన కూడా రాదు.

ఈ నియమం పెట్టినవాడు సంఘం అధ్యక్షుడు మల్కారి ఓదెలు. హైడ్రోజన్ రైళ్ల డిపోలో పనిచేసి రిటైరైన మనిషి. మీసాలు ఇంకా మొలవని వయసులో లసుమవ్వ పాట ఒకసారి విని, ఆ తర్వాత మరో పాటను దగ్గరికి రానివ్వలేదు. లసుమవ్వ ఆయన పుట్టక ముందే పోయింది. ఆమెది మిగిలింది ఒక్క రికార్డు. పట్నంలోని స్టూడియోలో ఒంటరిగా పాడింది.

వంగి నాటిన కాడ వానజల్లాయె
లేచి చూసిన కాడ పొద్దుగుంకాయె

ఈ రెండు పాదాలయ్యాక కాసేపు ఏమీ వినపడదు. ఊపిరి చప్పుడు కూడా ఉండదు. తర్వాత మళ్లీ పాట సాగుతుంది. ప్రతి చరణం తర్వాతా అంతే. సంఘం దీనికి 'లసుమవ్వ మౌనం' అని పేరు పెట్టుకుంది. ఆ మౌనం మీద పరిశోధన చేసి ఇద్దరు డాక్టరేట్లు తెచ్చుకున్నారు. కూలి తల్లి చెప్పుకోలేని దుఃఖమంతా అక్కడ ఉందని ఒకరు రాస్తే, అది దుఃఖం కాదు ధిక్కారమని ఇంకొకరు రాశారు. ఆ చోటు రాగానే తొట్టెల్లో ఉన్నవాళ్లంతా తలలు వంచుకునేవారు. ఎవరైనా దగ్గితే ఓదెలు చూసే చూపుకి వాళ్లు మళ్లీ నెల సమావేశానికి రావడానికి జంకేవారు.

ఆయన లెక్కలో పాట చరిత్ర చాలా చిన్నది. లసుమవ్వ పాడింది అసలు పాట. తర్వాత ఆర్కెస్ట్రా వాళ్లు వచ్చి దాంట్లో నీళ్లు పోశారు. ఇప్పటి పిల్లలు ఆ నీళ్లలో సోడా కలిపారు. మరి లసుమవ్వకు ముందు ఏముందని ఎవరైనా అడిగితే విసుక్కునేవాడు.

ఆ సోడా కలిపినవాళ్లలో ఆయన కూతురు మేఖల కూడా ఉంది. అదీ అసలు బాధ.

మేఖలకు మంచి గొంతు. తన బృందంతో ఊరూరా తిరిగి పాడుతుంది. లసుమవ్వ పాట ఎత్తుకుంటే పిల్లా పెద్దా లేచి నిలబడతారు. కానీ మౌనం ఉండాల్సిన చోట ఆమె 'హూఁ... హూఁ...' అని మెల్లగా కూనిరాగం తీసేది. దాని వెనక డప్పు మీద అరచేత్తో రెండు దెబ్బలు పడేవి. జనానికి అదే ప్రాణం. ఓదెలుకు మాత్రం ఎవరో గుళ్లో చెప్పులేసుకుని నడిచినట్టుండేది. ఒకసారి ఆమె కచేరీ మధ్యలోంచి లేచి బయటికి వచ్చేశాడు. తండ్రి వెళ్లిపోవడం మేఖల వేదిక మీది నుంచి చూసింది. పాట ఆపలేదు గానీ, ఆ తర్వాత ఇంటికి రావడం తగ్గించేసింది.

ఆ రోజుల్లోనే రాష్ట్ర జానపద పీఠం కొత్త నిబంధన తెచ్చింది. ఏ పాటకైనా అసలు రూపం ఇదీ అని తేలితే దానికి ముద్ర వేస్తారు. ఇక ఆ పాటను ఆ పేరుతో వేరేగా పాడకూడదు. ఓదెలు సంఘం తరఫున మొట్టమొదటి దరఖాస్తు పెట్టాడు. మేఖల ఈ సంగతి విని తల్లి శకుంతలకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పింది. ఆ ముద్ర పడితే లసుమవ్వ పాటే కాదు, ఏ పాటా పాడనంది. శకుంతల ఆ మాట భర్త చెవిన వేసి, అన్నం వడ్డించి లోపలికి వెళ్లింది. ఆ పూట ఓదెలుకు ముద్ద దిగలేదు. అయినా దరఖాస్తు వెనక్కి తీసుకోలేదు. తాను లేకపోతే ఆ పాటకు దిక్కెవరని ఆయన నిజంగానే నమ్మాడు.

అసలు రూపం తేల్చే పని పీఠం డాక్టర్ చిలుముల ఇందుప్రభకు అప్పగించింది. ఆమె తయారుచేసిన యంత్రం పేరు పాటవేరు. ఇంగ్లీషు పత్రికలు సాంగ్ ట్రేసర్ అన్నాయి గానీ ఆమెకు తెలుగు పేరే ఇష్టం. అదెలా పనిచేస్తుందో విచారణకు ముందు ఆమె ఓదెలుకు ఓపికగా చెప్పింది. పాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోయేటప్పుడు ఎక్కడో ఒక అక్షరం సాగుతుంది, ఒక దెబ్బ ముందు పడుతుంది, ఒక మాట జారిపోతుంది. పరీక్షలో ఇద్దరు పిల్లలు ఒకే తప్పు రాస్తే ఒకరిది చూసి ఇంకొకరు రాశారని పంతులుకు తెలిసిపోతుంది కదా. పాటవేరు అలాగే తప్పులను పట్టుకుని చుట్టరికం కలుపుతుంది. ఎవరు ఎవరి దగ్గర విన్నారో కొమ్మ కొమ్మా లెక్కగట్టి, వేరు దాకా వెళుతుంది. కాకపోతే దానికి దొరికినంత శబ్దం కావాలి. పాత రికార్డులు, ఇంటర్వ్యూలు, కచేరీలు, చివరికి ఇంటిచెవులు కూడా.

ఇంటిచెవి ఆ కాలంలో లేని ఇల్లు లేదు. గ్యాస్ లీకైనా, ముసలివాళ్లు జారిపడినా పసిగట్టడానికి గోడకు బిగించిన పరికరం. ఇంట్లో చప్పుళ్లన్నీ దాచిపెడుతుంది. ఇంటి యజమాని ఒప్పుకోనిదే వాటిని ఎవరూ తీయలేరు. ఇందుప్రభ అడగడానికి మొహమాటపడింది గానీ ఓదెలు వెంటనే ఒప్పుకున్నాడు. తన ఇంట్లో ఏళ్ల తరబడి మోగింది లసుమవ్వ రికార్డే. అసలు పాట వింటూ పెరిగిన పిల్ల తెలిసి తెలిసీ దాన్ని చెడగొట్టిందని రుజువు కావాలన్నది ఆయన పట్టుదల.

విచారణ రోజు పీఠం హాలు కిటకిటలాడింది. ఒకవైపు సంఘం సభ్యులు, ఒకవైపు మేఖల బృందం. తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. శకుంతల ఏ వైపు కూర్చోవాలో తెలియక వెనక వరసలో కూర్చుంది.

పాటవేరు గొంతు బడిపంతులు గొంతులా నిదానంగా ఉంది. ముందుగా మౌనం సంగతి ఎత్తుకుంది. చుట్టుపక్కల ఊళ్లలో దొరికిన ఇదే పాట పాత రూపాల్లో ఎక్కడా మౌనం లేదని చెప్పింది. నాట్లలో ఒకామె రెండు పాదాలు అంటే, పక్క వరసలోని ఆడవాళ్లు అప్పటికప్పుడు తోచింది కట్టి రెండు పాదాలు బదులిస్తారు. బదులు రోజుకొకటి, మనిషికొకటి. తర్వాత అది ఒక పాత ఇంటర్వ్యూ వినిపించింది. లసుమవ్వతో కలిసి నాట్లేసిన రామక్క అనే ముసలామె గొంతు అది.

"గదేం పాట? సగం పాట గది. లసుమనొక్కదాన్నే పట్నం దీస్కపోయిండ్రు. మేం అందుకుంటమని ఆగింది, అలవాటు గదా. అందుకునేటందుకు మేం లేకపోతిమి."

డాక్టరేట్ తెచ్చుకున్నవాళ్లలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఇన్నేళ్లూ తాను తలవంచుకుని నిలబడింది ఒక ఆడమనిషి తోడు కోసం ఎదురుచూసిన చోటని ఓదెలుకు అప్పుడు అర్థమైంది. ఆమె పిలిచింది, తాము బురద తొట్టెల్లో నిలబడి నోరు మూసుకున్నారు. ఆ బాధ ముఖంలో కనిపించకుండా ఉండలేదు. కానీ ఓడిపోయే అలవాటు లేని మనిషి కావడంతో లేచి నిలబడ్డాడు. బదులు పాదాలుంటే ఉండనీ, ఈ డప్పు, ఈ మూలుగు ఏ వరసలో ఉన్నాయో చెప్పమన్నాడు. ఇది ఏ వేరుకూ అంటని కల్తీ కదా అన్నాడు. కల్తీ అన్న మాటకు మేఖల మొదటిసారి తల ఎత్తి తండ్రిని చూసింది.

"ఆ మార్పు మేఖల గారిది కాదు," అంది పాటవేరు. "ఆమె ఇంకొకరి దగ్గర విన్నారు. ఇంటిచెవిలోని శబ్దం ఇక్కడ వినిపించమంటారా?"

ఓదెలు వినిపించమన్నాడు.

ముందు ఫ్యాను చప్పుడు వినిపించింది. తర్వాత పసిపిల్ల సన్నటి ఏడుపు. శకుంతల పగటి ఉద్యోగానికి, ఓదెలు రాత్రి డ్యూటీకి వెళ్లే రోజులవి. మధ్యాహ్నాలు పిల్లను పడుకోబెట్టే పని తండ్రిదే. ఒక పడుచు మగగొంతు, శృతి కాస్త తప్పుతూ, 'వంగి నాటిన కాడ' అని ఎత్తుకుంది. రెండు పాదాలయ్యాయి. రికార్డులో లాగే గొంతు ఆగింది. ఆగిన వెంటనే పిల్ల కెవ్వుమంది. మగగొంతు కంగారుగా 'హూఁ... హూఁ...' అంది. బట్ట మీద అరచేయి రెండుసార్లు మెత్తగా పడింది. పిల్ల ఊరుకుంది. పాట సాగింది. మళ్లీ రెండు పాదాలు, మళ్లీ ఆగడం. ఈసారి పిల్ల ఏడవక ముందే కూనిరాగం, రెండు దెబ్బలు పడ్డాయి.

పాటవేరు ఇంకొన్ని మధ్యాహ్నాలు వినిపించింది. నెలలు గడిచేకొద్దీ ఆ గొంతు మౌనం జోలికే పోలేదు. ఓ చోట ఇంకా మాటలు రాని పిల్ల కూడా తండ్రితో కలిసి 'హూఁ' అంది.

ఓదెలుకు ఇందులో ఒక్కటీ గుర్తు లేదు. అక్షరం పొల్లుపోకుండా పాడతానని ఆయన సంఘంలో ఎన్నిసార్లు చెప్పుకున్నాడో లెక్కలేదు. తన గొంతు తాను ఏనాడూ వినలేదు. ఎంతసేపూ లసుమవ్వనే విన్నాడు. ఎదురుగా మేఖల రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

పీఠం అధ్యక్షురాలు రూలు ప్రకారం ఒక ప్రశ్న అడగాలి. ఈ పాటను మార్చినవారు ఎవరని అడిగింది.

"నేనే మేడం," అన్నాడు ఓదెలు. "పిల్ల ఏడుస్తాంటె నేనే అట్ల ఊకోవెట్టిన. గామె తప్పేం లేదు. దరకాస్తు నాకు తిరిగియ్యుండ్రి."

దరఖాస్తు వాపసైంది. ఏ రూపానికీ ముద్ర పడలేదు. సంఘం అక్కడికక్కడే వరండాలో సమావేశమై, పాటను కల్తీ చేసినవారికి సభ్యత్వం ఉండదన్న నిబంధన కింద ఓదెలును అధ్యక్ష పదవి నుంచి, సంఘం నుంచి కూడా తీసేసింది. ఆ నిబంధన కూడా ఆయన పెట్టిందే. అయితే ఇద్దరు కుర్ర సభ్యులు మాత్రం వెనకాలే వచ్చి, ఆ మధ్యాహ్నాల శబ్దం తమకు ఇప్పించమని బతిమాలారు. ఆ చేయి ఏ బట్ట మీద పడిందో కూడా తెలుసుకోవాలన్నారు. అలాంటి బట్టే తెప్పించి సాధన చేస్తారట. ఓదెలు వాళ్ల ముఖాల్లోకి చూసి, పోయి అన్నం తినండి అని పంపించేశాడు.

ఆ ఆదివారం మేఖల ఇంటికి వచ్చింది. తల్లి చేసిన పచ్చిపులుసు పోసుకుని రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. భోజనాలయ్యాక తండ్రి పక్కన నేల మీద కూర్చుంది. ఓదెలే, చిన్నపిల్లవాడిలా బెరుకుగా, ఒకసారి పాడమని అడిగాడు. మొదటి నుంచి చివరి దాకా కూర్చుని వింటానన్నాడు.

మేఖల పాడింది. డప్పు లేదు, బృందం లేదు. రెండు పాదాలు అయ్యాయి. ఓదెలు కళ్లు మూసుకుని, చేయి తొడ మీద పెట్టుకుని, కూనిరాగం కోసం ఎదురుచూశాడు. మేఖల కూనిరాగం తీయలేదు. రామక్క మాటలు విన్నప్పటి నుంచి ఆమె మనసులో తిరుగుతున్న బదులు పాదాలు రెండు అక్కడ అందుకుంది.

ఏడ్చేటి పిల్లకు నాయినే తోడాయె
ఎండపొద్దంత పాట నీడాయె

శకుంతల వంటింటి గుమ్మంలోకి వచ్చి కొంగు కళ్లకు అద్దుకుంది. లసుమవ్వ ఆగిన చోట ఇన్నాళ్లకు ఒక మనిషి బదులిచ్చింది. పాట అయ్యాక మేఖల తండ్రి వైపు చూసింది. ఆయన కళ్లు తెరవలేదు. నొసలు ముడిపడి ఉంది.

"మంచిగనే ఉంది బిడ్డా," అన్నాడు నెమ్మదిగా. "గానీ ఆ రెండు దెబ్బలెందుకు తీసేసినవ్? అదే కద అసలుది."

మేఖల ఆయన వైపు తిరిగింది.

"మళ్ల దరకాస్తు పెడ్తవా బాపు?" అంది.

ఓదెలు నిజంగానే ఆ సంగతి ఆలోచిస్తున్నాడు.